ముందు ఏం కొనాల మేడం?

కడప జిల్లా చెన్నూరు మండలంలో బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం నా ఉద్యోగం. సమగ్ర శిక్ష కాగితాల్లో నా హోదా సహిత విద్య రిసోర్స్ టీచరు, పొట్టిగా ఐఈఆర్టీ. ఊళ్లలో మాత్రం ‘భవిత మేడం’ అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి నడవగలిగేవాళ్లు, ఆటోలో కూర్చోగలిగేవాళ్లు వస్తారు. మంచం దిగలేనివాళ్లు, కొత్త మనిషి కనబడితే బెదిరిపోయేవాళ్లు, తరచూ ఫిట్స్ వచ్చేవాళ్లు, ఒకటికి రెండు వైకల్యాలు కలిసినవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. వాళ్ల దగ్గరికి మేమే పోతాం, ఎక్కువగా శనివారాలు. కనుపర్తి, కొక్కరాయపల్లె, రామనపల్లె, పెన్న ఒడ్డున ఇంకొన్ని పల్లెలు. పిల్లల పేర్లు, ఎవరిది ఏ ఊరు అన్నది ఇక్కడ రాయను. ఆ ఇళ్లవాళ్లు నమ్మి నన్ను వంటింటిదాకా రానిచ్చారు.

తొలిసారి వెళ్లినప్పుడు దాదాపు ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఒకటే. “ముందు ఏం కొనాల మేడం?”

ఆ ప్రశ్నలో ఆశ ఉంది, అప్పు చేసైనా సరే అన్న తెగింపు ఉంది. అందుకే నాకు భయం వేస్తుంది. ఒక ఇంట్లో అటక మీద పెద్ద సంచి చూపించారు. ఏదో పట్నంలో ఒక థెరపీ సెంటరు వాళ్లు ఇంట్లోనే నేర్పుకోవచ్చని చెప్పి అంటగట్టిన సామాను అది. రంగురంగుల ప్లాస్టిక్ దిమ్మెలు, ఇంగ్లిషు అక్షరాల అట్టలు, మంచు గుడిసె బొమ్మ, జీబ్రా బొమ్మ. ఆ పిల్లాడికి తొమ్మిదేళ్లు. గ్లాసు పట్టుకుని నీళ్లు తాగడం రాదు. దప్పికైతే ఆ మాట చెప్పడానికి వాడి దగ్గర ఏడుపు తప్ప వేరే దారి లేదు. బేల్దారి పని చేసే తండ్రి ఆ సంచి కోసం ఎన్ని నెలల కూలి పోశాడో నేను అడగలేదు.

కొనాల్సిందేమీ లేదని మొదటిరోజే చెప్పేస్తాను. ముందు కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను, ఒక పూట ఓపిక. మీ బిడ్డ ఈరోజు ఏం చేయగలడో, ఏ సాయంతో చేయగలడో రాసిపెట్టుకోవాలి. ఇంటి చదువుకు పనికొచ్చే అన్నిటిలోకీ మొదటిది ఇదేనని నా నమ్మకం. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇందుకు మంచి పట్టికలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ పట్టిక మా శిక్షణలో చేతికిచ్చే మొదటి ఆయుధం. తినడం, బట్టలు వేసుకోవడం, మాట్లాడటం, లెక్క, నలుగురితో మెలగడం, ఇలా ఒక్కో పని ఎదుట ఒక గుర్తు వేస్తాం. సొంతంగా చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చేయి పట్టుకుంటే చేస్తాడా, పూర్తిగా మనమే చేయాలా. వీటితోపాటు ఇంకో గుర్తుంది, ఎన్‌ఈ. ఆ పని చేసే అవకాశమే బిడ్డకు ఇంతవరకూ రాలేదని దాని అర్థం. కొత్తగా వెళ్లిన ఇంట్లో పట్టిక నింపుతుంటే అన్నిటికన్నా ఎక్కువగా పడేది ఈ గుర్తే.

పన్నెండేళ్ల పాప ఒకతె ఉంది, డౌన్ సిండ్రోమ్. బొద్దుగా, నవ్వుతూ, నా చెప్పులు తీసి పక్కన పెట్టేంత మర్యాద తెలిసిన పిల్ల. తెల్లగడ్డలు ఒలుస్తుందా అని అడిగితే జేజి కంగారుపడింది. “అయ్యో, వంటింట్లోకి రానియ్యం మేడం, దానికేం తెలుసు పాపం.” చీపురు పట్టలేదు, గ్లాసు కడగలేదు, అంగడికి పోలేదు. ప్రేమతోనే పోనివ్వలేదు. పట్టిక నిండా ఎన్‌ఈ. ఆ వారం జేజి పక్కన చాప వేసి, చాటలో నాలుగు తెల్లగడ్డలు పోసి పాపను కూర్చోబెట్టాం. రెబ్బలు విడదీయడం మొదటి పని. పొట్టు ఒలవడం తర్వాతి సంగతి. వేళ్ల కొసల్లో బలం రావడానికి వేల రూపాయల సామాను చేసే పనిని ఆ చాట చేసింది. ఇప్పుడు ఆ పిల్ల శెనక్కాయలు ఒలుస్తుంది, పప్పులు ఒక గిన్నెలో, పొల్లు ఇంకో గిన్నెలో వేస్తుంది. ఎర్రగడ్డల్లో పెద్దవీ చిన్నవీ వేరుచేస్తుంది. పెద్దది, చిన్నది, ఎక్కువ, తక్కువ, నిండింది, ఖాళీ, ఒకటో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠాలు ఇవే కదా.

మా జిల్లాలో పని లేని ఇల్లు లేదు కాబట్టి పాఠం లేని ఇల్లూ లేదు. చెన్నూరు చుట్టూ తమలపాకు తోటలున్నాయి. ఆకు కోసి తెచ్చి, తొడిమలన్నీ ఒకవైపు వచ్చేలా పేర్చి, లెక్కపెట్టి కట్ట కట్టడం ఆ ఇళ్లలో సాయంత్రం పూట పని. అలాంటి ఇంట్లో ఒక పిల్లాడికి అంకెలు వల్లె వేయడం వచ్చుగాని లెక్కపెట్టడం రాదు. నోటితో ఇరవైదాకా చదివేసి, నాలుగు వస్తువులు ఇమ్మంటే గుప్పెడు ఇచ్చేవాడు. గచ్చు మీద సుద్దతో పది గళ్లు గీశాం. గడికో ఆకు. పది గళ్లూ నిండితే ఒక దొంతి, దొంతి తీసి నాయనకు అందివ్వాలి. ఇంట్లో జరిగే నిజమైన పనిలో తనకూ పాలు దొరికిందని వాడికి అర్థమైంది. గళ్లు చెరిపేసినా పది ఆకులు తప్పకుండా తీసే రోజు వచ్చింది. ఆ రోజు వాళ్ల నాయన వాడి దొంతులను వేరుగా పెట్టకుండా తన కట్టల్లోనే కలిపేశాడు.

జమ్మలమడుగు దగ్గర మోరగుడిలాంటి నేత ఊళ్లలోనూ, ప్రొద్దుటూరు మగ్గాల వీధుల్లోనూ పనిచేసే తోటి టీచర్లు రంగులు నేర్పడానికి నూలు కండెలు వాడతారు. పులివెందుల వైపు చీనీకాయలు, అరటిగెలలు. మీటింగుల్లో కలిసినప్పుడు మేం ఇవే చెప్పుకుంటాం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు పల్లెటూరి బడుల కోసం తెలుగులో కార్డులు తయారుచేశారు. పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఏ పిల్లాడు ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచే పోనిచ్చే పద్ధతి. అవి ప్రత్యేక అవసరాల పిల్లల కోసం చేసినవి కావు. అయినా మెట్టు ఎత్తు తగ్గించుకుంటూ పోవడం ఎలాగో వాటిని చూసి నేర్చుకోవచ్చు. మా పిల్లలకు ఒక్కో మెట్టును ఇంకో అయిదారు మెట్లుగా కోసుకోవాలి, అంతే తేడా.

ఆ కోయడం ఎలాగో ఒక్క పని దగ్గరగా చూపిస్తాను. నిక్కరు తొడుక్కోవడం. మామూలుగా ఏం చేస్తాం? నిక్కరు చేతికిచ్చి “తొడుక్కో నాయనా” అంటాం. బిడ్డకు ముందూ వెనకా తెలియదు, కాలు ఎక్కడ దూర్చాలో తెలియదు. విసిరికొడతాడు, మనమే తొడిగేస్తాం. దీన్ని వెనక నుంచి నేర్పాలి. రెండు కాళ్లూ మనమే దూర్చి, మోకాళ్లు దాటించి, తొడల మీదుగా లాగి, నడుముకు ఒక బెత్తెడు కింద ఆపేయాలి. బిడ్డ రెండు బొటనవేళ్లూ ఎలాస్టిక్ లోపలికి దూర్చి, పైన మన చేయి వేసి పైకి లాగించాలి. ఆ చివరి బెత్తెడే వాడి పాఠం. పని ముగిసింది వాడి చేతుల్లో, మెప్పూ వాడికే. కొన్నాళ్లకు మన చేయి తీసేస్తాం. అది కుదిరాక తొడల దగ్గర ఆపుతాం, తర్వాత మోకాళ్ల దగ్గర. కాలు దూర్చడం అన్నిటికన్నా కష్టం, అందుకే అది చివర. ఒక్కో ఇంట్లో దీనికి నెలలు పడుతుంది. పట్టనీ. పదిహేనేళ్లప్పుడు తన బట్ట తాను కట్టుకోగలిగిన పిల్లవాడి తల్లికి నడుంనొప్పి ఉండదు, పెళ్లికో తిరునాళ్లకో వాడిని తీసుకుపోవడానికి వెనకాడదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల దగ్గర చదువుకు ముందు కూర్చోవడం వస్తుంది. సరిగ్గా కూర్చోలేని బిడ్డ చేతులు వాడలేడు, మెడ నిలపలేడు, మనిషి ముఖం చూడలేడు. సమగ్ర శిక్ష శిబిరాల్లో కాన్పూర్ అలిమ్కో సంస్థ తయారుచేసిన సీపీ కుర్చీలు, కాలిపర్లు, వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. శిబిరంలో కొలతలు తీసుకున్నాక వస్తువు చేతికి రావడానికి సమయం పడుతుంది. అంతవరకూ బిడ్డను మంచం మీదే పడేయకూడదు. ఊరి వడ్రంగి చేత మూల కుర్చీ చేయిస్తాం. రెండు పలకలు గోడమూలలా కలిపి, కింద ఒక పీట బిగించి, ముందు నడుము పట్టేలా వంపు కోసిన పలక. తుంటి, మోకాలు, చీలమండ మూడూ తొంభై డిగ్రీల్లో ఉండాలి, పాదం నేలనో చెక్కనో ఆనాలి. కొలతలు ఫిజియోథెరపిస్టు చెబుతారు, వడ్రంగి పాత చెక్కతోనే చేసేస్తాడు. స్టీలు చెంచా కాడకు పాత సైకిల్ ట్యూబు చుడితే లావవుతుంది, జారదు. పిడికిలి పూర్తిగా ముడవలేని చేతికి కూడా చిక్కుతుంది.

తిండి విషయంలో మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను. ఇలాంటి బిడ్డను పడుకోబెట్టి సంగటి ముద్దలో, పాలో మింగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏటా రెండు మూడుసార్లు నెమ్ము చేరి ఆసుపత్రి పాలయ్యే పిల్లల్లో కొందరికి కారణం ఇదే. కూర్చోబెట్టాలి, మెడ వెనక్కి వాలకుండా గడ్డం కాస్త దించి ఉంచాలి, ఒక ముద్ద మింగాక రెండోది. ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఇవి పాఠాలు కావు, పాఠాలకు ముందు దాటాల్సిన గడపలు.

మాట రాని పిల్లల గురించి చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా వైపు చాలా ఇళ్లలో తల్లులు కువైట్‌లో ఉంటారు. బిడ్డను జేజి చేతిలో పెట్టి పోయిన తల్లి రాత్రిపూట వీడియో కాల్ చేస్తుంది. ఏడేళ్ల పిల్లాడు, ఆటిజం, మాట లేదు. ఫోను చూడగానే తెర మీద వేలు రుద్ది కాల్ కట్ చేసేవాడు, అటువైపు తల్లి ఏడ్చేది. బిడ్డ రోజూ వాడే వస్తువులకే ఫోటోలు తీయించి అట్టల మీద అంటించాం. వాడి గ్లాసు, వాడి గిన్నె, వాడి దుప్పటి, నాయన బండి. కొనుక్కొచ్చిన కార్డులో గ్లాసు బొమ్మ ఉంటుందిగాని అది వాడి గ్లాసు కాదు కదా. నీళ్ల అట్ట తెచ్చిస్తే నీళ్లు. మొదట జేజి వాడి చేయి పట్టుకుని ఇప్పించేది. తర్వాత కాల్‌ను కూడా పాఠంలోకి తెచ్చాం. తల్లి రోజూ అదే వేళకు, అదే వరసలో మూడే మాటలు అడగాలి. ఏం తిన్నావు, ఎవరున్నారు ఇంట్లో, ఏం కావాలి. వాడు అట్ట ఎత్తి చూపాలి. అదే వరస రోజూ రావడం ఆటిజం ఉన్న పిల్లలకు ధైర్యం. కొన్ని నెలలకు వాడు కాల్ కట్ చేయడం మానేశాడు. కాల్ మోగకముందే అట్టల డబ్బా తెచ్చి పెట్టుకుంటున్నాడని జేజి చెప్పింది. ఎడారి దేశంలో ఎవరి ఇల్లో ఊడ్చే ఆ తల్లి తన బిడ్డకు టీచరయింది.

చెన్నూరులో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ‘పానీ’ అనే బిడ్డకు మేం తెలుగులో ‘నీళ్లు’ నేర్పుతూ కూర్చుంటే వాడికి రెండూ రావు. వాళ్లమ్మ ఏ మాట అంటుందో అదే నేను ముందు నేర్చుకుంటాను. అక్షరాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక చట్టం సంగతి. ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని భవితకు వచ్చి, “బడోళ్లు ఇంట్లో పెట్టుకొని చదివించుకోమన్నారు మేడం, గవర్నమెంటోళ్లే అట్ల పెట్టినారంట” అంది. అలా ఎవరూ పెట్టలేదు. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్ద చదువును ఎంచుకోవచ్చని చెబుతుంది. ఎంపిక బిడ్డది, కుటుంబానిది. వద్దు పొమ్మనే అధికారం బడికి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకూ దగ్గరలోని బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఉందని అందులో 31వ సెక్షన్ చెబుతుంది. ఆ తల్లి కొడుకు నడవగలడు, నలుగురిలో కూర్చోగలడు. వాడికి ఇంటి చదువు అక్కర్లేదు. కొన్నాళ్లు భవితలో కూర్చోవడం అలవాటు చేసి, తర్వాత పూటకు రెండు గంటలు తరగతిలో, ఆ తర్వాత పూర్తిగా బడికి పంపాం.

ఇంట్లో ఉండే బిడ్డకైనా బడి రిజిస్టరులో పేరు ఉండి తీరాలి. పేరు లేకపోతే సమగ్ర శిక్ష లెక్కలో ఆ బిడ్డ లేనట్టే. ఒక్కో ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల వరకూ పరికరాలకు, సామగ్రికి, ఇతర సేవలకు ఆ పథకంలో కేటాయింపు ఉంది. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టయిపెండు వేరే. మొత్తం చిన్నదే, కానీ అడగనివాళ్లకు అదీ రాదు. బడిలో పేరుంటే పుస్తకాలు, యూనిఫాం కూడా వస్తాయి. మంచం మీదుండే ఒక పిల్లాడికి వాళ్లమ్మ శనివారం పొద్దున్నే ఆ యూనిఫాం తొడిగి, తల దువ్వి, నా కోసం సిద్ధంగా కూర్చోబెడుతుంది. ఆ ఇంటికి ఆలస్యంగా వెళ్లడం నా వల్ల కాదు.

కాగితాలకూ ఒక క్రమం ఉంది, అది తప్పితే ఏడాది తిరిగినా పని కాదు. ముందు ఆధార్. దానితో సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాటు. శిబిరంలో డాక్టర్లు చూశాక సదరం సర్టిఫికెట్టు, దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు. పింఛను దీని మీదే ఆధారపడుతుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000కు, మంచానికో వీల్‌చైరుకో పరిమితమైనవాళ్లకు 15,000కు పెంచింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది. లక్ష రూపాయల వరకూ వర్తిస్తుంది, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. మా మండలంలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. శిబిరానికి పోయేటప్పుడు పాత మందుల చీటీలు, స్కానింగులు అన్నీ ఒకే సంచిలో వేసుకుపోండి. బిడ్డ ఇంట్లో ఎలా ఉంటాడో ఒక చిన్న వీడియో ఫోనులో ఉంచుకోండి. కొత్త చోట బిగుసుకుపోయిన బిడ్డను నాలుగు నిమిషాలు చూసి తేల్చడం డాక్టరుకూ కష్టమే.

దూరాన ఉన్న పెద్ద సంస్థల దగ్గరికి ఎప్పుడు పోవాలి? నా అభిప్రాయం చెబుతాను. పరీక్ష కోసం, ప్రణాళిక కోసం పోవాలి. ఇంటికి తిరిగొచ్చి చేసుకోవాలి. కడపలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. అక్కడి నుంచి ఎన్‌ఐఈపీఐడీ దూరమేమీ కాదు. తినడం, పళ్లు తోముకోవడం, బట్టలు వేసుకోవడం నేర్పే చిన్న పుస్తకాలు ఆ సంస్థ బొమ్మలతో వేసింది. చదువు రాని తల్లికీ బొమ్మ చూస్తే తెలుస్తుంది. మేధోవైకల్యం ఉన్న పిల్లలకు బోధన సామగ్రి కిట్లు కూడా ఆ సంస్థ ద్వారా అందుతాయి. నెల్లూరులో ఆ సంస్థ కిందే నడిచే ప్రాంతీయ కేంద్రం (సీఆర్‌సీ) ఉంది, మాకు అది ఇంకా దగ్గర. ఒకటికి మించిన వైకల్యాలుంటే చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్‌ఐఈపీఎండీ. కాళ్లు బిగుసుకుపోయి ఆపరేషన్ అవసరమైతే తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రి, వినికిడి లేని పసిపిల్లలకు ఆ ఊళ్లోనే శ్రవణం కేంద్రం. అనంతపురం వైపు 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ప్రత్యేక బడులు నడుపుతోంది. ఫోనులో వెతుక్కోగలిగినవాళ్లకు హైదరాబాద్‌లోని ‘నయీ దిశ’ వాళ్లు మేధోవైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం తెలుగులోనూ సమాచారం ఇస్తున్నారు, ఫోను చేస్తే మాట్లాడతారు. ఇవన్నీ ఒకేసారి తిరగాల్సిన పని లేదు. మీ బిడ్డకు ఏది అవసరమో ఇంట్లో రాసుకున్న ఆ పట్టికే చెబుతుంది.

నయం చేస్తామని మాటిచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త. పసరు మందులవాళ్లు కొన్ని వేలతో పోనిస్తారు, సూటుబూటు వేసుకున్నవాళ్లు పొలం అమ్మిస్తారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయబోమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బు బిడ్డ పేరున బ్యాంకులో వేయండి.

పెద్ద పిల్లల తల్లిదండ్రులు పదో తరగతి గురించి అడుగుతారు. మేధోశక్తి బాగుండి శరీరం సహకరించని పిల్లలు మా దగ్గర ఉన్నారు. వాళ్లకు ఓపెన్ స్కూలు చక్కని దారి. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే అయిదేళ్ల వరకూ సబ్జెక్టులు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు, రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవచ్చు, అదనపు సమయం ఉంటుంది. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం కూడా ఉంది. పదో తరగతికి దారి లేని పిల్లలకు డబ్బు గుర్తుపట్టడం, బస్సు ఎక్కడం, పలకరిస్తే పేరు చెప్పడం, ముట్టుకోకూడని చోట ఎవరైనా ముట్టుకుంటే అరవడం, ఇవే పదో తరగతి. ఆ చివరిదాన్ని ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా నేర్పమని తల్లులను బతిమాలుతుంటాను.

వారానికి ఒక్కసారి నేను వచ్చి గంటో రెండు గంటలో కూర్చుంటే బిడ్డకు చదువొస్తుందని ఎవరూ అనుకోకూడదు. మిగతా ఆరు రోజులూ నేర్పేది ఇంట్లోవాళ్లే. కాబట్టి నా అసలు విద్యార్థి ఆ తల్లి, లేదా జేజి, లేదా బడి నుంచి వచ్చాక తమ్ముడి పక్కన చేరే అక్క. నేను చేసి చూపిస్తాను, తర్వాత వాళ్లు చేస్తుంటే చూస్తాను. ఈ వారం ఒకే ఒక్క పని, ఏ పూట చేయాలో కూడా అనుకుంటాం. అయిన రోజున గోడ మీది వెంకట్రామా క్యాలెండరులో ఒక చుక్క పెట్టమంటాను. వచ్చే శనివారం ఆ చుక్కలే నాకు రిపోర్టు. చుక్కలు లేకపోతే తల్లిని ఏమీ అనను. కోతలు పడ్డాయా, మనిషికి బాగాలేదా, అత్త ఒప్పుకోలేదా అని అడుగుతాను, పని ఇంకా చిన్నది చేస్తాను.

మా వైపు నుంచి ఉన్న లోటు కూడా చెప్పాలి. మండలమంతటికీ ఒకరిద్దరు ఐఈఆర్టీలం, కాంట్రాక్టు మీద. భవితలో ఉండాలి, బడులకు పోవాలి, ఇళ్లకూ పోవాలి. 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఆ లెక్క నిజంగా ఊళ్లలోకి దిగితే ఇంటి దగ్గరి పిల్లల ముఖం వారానికి ఒక్కసారి కాదు, రెండుసార్లు చూడగలం. రాష్ట్రంలో ఎవరు అధికారంలో ఉన్నా మేం అడిగేది ఇదే.

చివరగా ఇది చదువుతున్నవాళ్లకు ఒక విన్నపం. మీ వీధిలో బయటికి రాని బిడ్డ ఉండొచ్చు. పండక్కి చుట్టాలొస్తే లోపలి గదిలో ఉంచే బిడ్డ, జనాభా లెక్కలవాళ్లకు కూడా చెప్పని బిడ్డ. మీకు తెలిసి ఉంటుంది, అడగడానికి మొహమాటపడి ఉంటారు. మీ మండలంలో ఎంఈఓ ఆఫీసులో గానీ, భవిత కేంద్రంలో గానీ, దగ్గరి సర్కారు బడి హెడ్మాస్టరుకు గానీ ఒక్క మాట చెప్పండి. ఇంటి గుర్తు చెప్పినా చాలు. సదరం లేకపోయినా, వయసు దాటిపోయిందనిపించినా చెప్పండి. ఆ ఇంటికి మేమే వస్తాం.